ఎదురు టవర్ కనిపిస్తే చాలదు: మైక్రోవేవ్ లింకులపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మైక్రోవేవ్ లింకులు, అంటే తీగ లేకుండా రేడియో తరంగాలతో సిగ్నల్ పంపే దారులు, ప్లాన్ చెయ్యడం నా పని. ఫోన్‌లో గీతలు నిండుగా ఉండి కూడా నెట్ కదలడం లేదంటే, చాలాసార్లు తేడా వచ్చింది టవర్ల మధ్య ఉన్న ఈ లింకులోనే. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లల నోట, ఊళ్లో వాళ్ల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: బైనాక్యులర్స్‌లో ఎదురు టవర్ కనిపిస్తే లైన్ ఆఫ్ సైట్ (అడ్డులేని నేరు దారి) ఉన్నట్టే.

కంటికి సన్నటి గీత చాలు. రేడియో తరంగానికి ఆ గీత చుట్టూ కూడా ఖాళీ కావాలి. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటాం. కొసల్లో సన్నగా, నడుమ లావుగా ఉంటుంది. 7.5 గిగాహెర్ట్జ్‌లో 30 కిలోమీటర్ల హాప్ (ఒక టవర్ నుంచి ఎదురు టవర్ దాకా ఉన్న దూరం) అయితే నడిమధ్యన దాని వ్యాసార్ధం సుమారు 17 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే పది మీటర్ల పైచిలుకు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. దీనికి తోడు భూమి వంపు ఉంది. మామూలు వాతావరణంలో అదే హాప్ మధ్యలో నేల 13 మీటర్లు ఉబ్బినట్టు లెక్క వేసుకోవాలి.

గుణుపురం వైపు మేం వేసిన ఒక హాప్ మూడేళ్లు ఏ పేచీ లేకుండా నడిచింది. తర్వాత లెవెల్ (అందే సిగ్నల్ బలం) నెలనెలా కొద్దికొద్దిగా పడుతూ వచ్చింది. కేబుల్ మార్చాం, రేడియో మార్చాం, ఫలితం లేదు. ఆఖరికి మ్యాప్ పట్టుకుని దారి పొడవునా తిరిగితే, మధ్యలో ఒక గట్టు మీద జామాయిల్ తోట కనిపించింది. సర్వే నాటికి అవి మోకాలెత్తు మొక్కలు.

"వచ్చే ఏడు కొట్టేస్తాం బాబూ, పేపరు మిల్లుకి," అన్నాడు తోట చూసే పెద్దాయన.

"కొట్టాక మళ్లీ వేస్తారా తాతా?"

"వెయ్యడమెందుకు? మోడు నుంచే చిగురేస్తాది."

ఆ మాట విన్నాకే రెండు కొసల్లోనూ యాంటెన్నాలు పైకి జరిపాం. ప్లానింగ్‌కి మేం వాడే ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో తీసినది. నిన్నగాక మొన్న నాటిన తోట అందులో ఎలా ఉంటుంది?

అపోహ: చలికాలం తెల్లవారుజామున లింక్ పడిపోయేది మంచు వల్లే.

అందరూ మంచునే తిడతారు. మేం వాడే 7, 15 గిగాహెర్ట్జ్ తరంగాలకు మంచు పెద్ద అడ్డు కాదు. గాలి ఆడని, ఆకాశం తేటగా ఉన్న రాత్రి లోయలో చల్లగాలి అడుగున పేరుకుంటుంది, వెచ్చటి గాలి దాని మీద పరుచుకుంటుంది. ఆ పొరల్లో తరంగం వంగి రెండు మూడు దారుల్లో వచ్చి తనను తానే చంపుకుంటుంది. మంచు కమ్మేదీ అలాంటి రాత్రులే కాబట్టి నింద దాని మీద పడుతుంది. పొద్దెక్కి గాలి కలిస్తే లింక్ దానంతటదే లేస్తుంది. వంశధార పక్కన ఉభాల (వరి నాట్ల) వేళ నీళ్లు నిలిచిన మళ్లు కూడా అద్దంలా తరంగాన్ని తిప్పికొడతాయి. ఇలాంటి హాప్‌కి పవర్ పెంచడం మందు కాదు. అదే టవర్ మీద కొన్ని మీటర్ల కిందగా రెండో డిష్ పెట్టాలి. ఒకదాని దగ్గర సిగ్నల్ చచ్చిన క్షణంలో సాధారణంగా రెండోదాని దగ్గర బతికే ఉంటుంది.

అపోహ: వాన వస్తే ఏ లింకైనా పోవాల్సిందే.

గంటకు 50 మిల్లీమీటర్ల వానలో 23 గిగాహెర్ట్జ్ కిలోమీటరుకు సుమారు 7 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) పోగొట్టుకుంటుంది. 7 గిగాహెర్ట్జ్ ఒక డీబీ కూడా పోగొట్టుకోదు. అందుకే పొడవాటి హాప్‌లకు తక్కువ ఫ్రీక్వెన్సీ, టౌన్ లోపలి పొట్టి హాప్‌లకు ఎక్కువది.

అపోహ: సిగ్నల్ తగ్గితే పవర్ పెంచితే సరి.

పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డీబీ. డిష్ వ్యాసం రెట్టింపు చేస్తే ఒక్క కొసలోనే 6 డీబీ వస్తుంది. అసలు ముందు అలైన్‌మెంట్, అంటే డిష్‌లు ఒకదానికొకటి సూటిగా ఉన్నాయో లేదో, చూడండి. 7.5 గిగాహెర్ట్జ్‌లో 1.2 మీటర్ల డిష్ కిరణం వెడల్పు రెండు డిగ్రీల పైచిలుకు, అంతే. టవర్ మీద మల్టీమీటర్ పట్టుకుని బోల్టు తిప్పుతుంటే సిగ్నల్ బలాన్ని చూపే వోల్టేజీ పెరుగుతుంది, ఒకచోట ఆగి మళ్లీ తగ్గుతుంది. అక్కడే బిగించేస్తారు. అది పక్క లోబ్ (అసలు కిరణం పక్కన వచ్చే బలహీన కిరణం) కావచ్చు. ఇంకా తిప్పండి. ఒకసారి పూర్తిగా పడిపోయి, మళ్లీ అంతకంటే ఎత్తుకు లేస్తే అసలు కిరణం అదే. లెక్కలో వచ్చిన లెవెల్‌కీ మీటర్ చూపేదానికీ 20 డీబీ తేడా ఉందంటే, చీకటి పడుతున్నా సరే, అప్పుడే టవర్ దిగకండి.