ఆల్ప్స్ కనుమల్లో ఒంటరిగా బైక్: అపోహలు - వాస్తవాలు

జర్మనీలో ఉంటూ ఏటా వేసవిలో ఒంటరిగా ఆల్ప్స్ కనుమలు తిరుగుతుంటాను. ఇక్కడికొచ్చి బైక్ అద్దెకు తీసుకోవాలనుకునే మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: లదాఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ ఎక్కినవాళ్లకి ఆల్ప్స్ ఒక లెక్కా?

వాస్తవం: ఎత్తు వరకే అయితే నిజమే. ఖర్దుంగ్ లా 5,300 మీటర్ల పైమాట, ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్లే. చాలామందికి ఇక్కడ ఊపిరి సమస్య రాదు. అసలు పరీక్షంతా మలుపుల దగ్గరే. స్టెల్వియోకి కింద ఉన్న ప్రాటో ఊరి వైపు నుంచి 48 హెయిర్‌పిన్‌లు, అంటే దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపులున్నాయి. 1820-25 మధ్య ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో డొనెగాని అనే ఇంజనీరు వేసిన దారి అది. గుర్రబ్బండ్ల కాలం నాటి రూపు పెద్దగా మారలేదు.

పైగా ఇక్కడ బండి కుడివైపు నడపాలి. మన ఘాట్‌లలో ఎడమ మలుపు ఇరుకు, ఇక్కడ కుడిది. ఎక్కేటప్పుడు కుడి హెయిర్‌పిన్ లోపలి అంచు ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. మలుపు రాకముందే ఫస్ట్ గేర్‌లోకి దిగండి. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆన్చి, తల పూర్తిగా తిప్పి పైన రోడ్డు ఎటు పోతోందో అటే చూడండి. చూపు ముందు చక్రం మీదికి దిగితే బండీ అటే పోతుంది. హ్యాండిల్ తిరిగి ఉండగా ఫ్రంట్ బ్రేకు నొక్కితే నిలుచున్నచోటే పక్కకి ఒరిగిపోతారు. నేను చూసిన పడిపోవడాల్లో ఎక్కువ ఇలాంటివే.

తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ అదే మలుపులో ఎదురుగా బస్సు రావచ్చు. స్విట్జర్లాండ్‌లో పసుపు పోస్టు బస్సు మూడు స్వరాల హారన్ వినబడితే మలుపు బయటే ఆగిపోండి. నీలం బోర్డు మీద పసుపు బూర గుర్తున్న కొండదారుల్లో ఆ డ్రైవర్ ఎలా చెబితే అలా చేయాల్సిందే.

అపోహ: జులైలో చలి బట్టలెందుకు?

వాస్తవం: వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ప్రాటోలో 30 ఉంటే స్టెల్వియో పైన 18 దగ్గర ఉంటుంది. తడిసిన గ్లవ్స్‌తో ఆ గాలిలో పోతే వేళ్లు కొయ్యబారి బ్రేకు లివర్ సరిగ్గా అందదు. పిడుగుల వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే పడుతుంది, అందుకే నేను తెల్లవారుతూనే బయల్దేరి భోజనాల వేళకి పెద్ద కనుమలు దాటేస్తాను.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడం సుఖం.

వాస్తవం: దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే డిస్కు, ప్యాడ్లు కాగుతాయి. బ్రేక్ ఆయిల్ పాతబడి తేమ పీల్చుకుని ఉంటే మరిగి బుడగలు కడుతుంది, లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి, వేగాన్ని ఇంజన్ పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా కొద్దిసేపు వేసి వదిలేయండి.

అపోహ: ఒంటరిగా వెళ్లడం మూర్ఖత్వం.

వాస్తవం: ఈ మాట నేను ఒప్పుకోను. గుంపులో ముందువాడి వేగం అందుకోవాలని తాహతుకు మించి తోలేవాళ్లని ఎందరినో చూశాను. ఒంటరిగా ఉంటే మీ వేగం మీది, అలిసిపోతే ఆగొచ్చు. కాకపోతే లోయలోకి జారితే చూసే దిక్కుండదు. అందుకని ఫోన్‌ని బ్యాగులో పెట్టకుండా ఒంటి మీదే జిప్పు జేబులో ఉంచుకోండి, లొకేషన్ ఇంట్లోవాళ్లకి పంపుతూ ఉండండి. అత్యవసరానికి 112, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ సాయానికి 1414.

అపోహ: సైలెన్సర్ శబ్దం ఎవరికి పట్టింది?

వాస్తవం: ఆస్ట్రియాలోని టిరోల్‌లో, రాయిటె జిల్లా కొండదారుల్లో 2020 నుంచి వేసవి నెలల్లో 95 డెసిబెల్స్ దాటిన బైకులకి ప్రవేశం లేదు. చూసేది రిజిస్ట్రేషన్ కాగితంలో యు.1 గడిలో రాసిన అంకె. అద్దె బండి తాళం తీసుకునే ముందే ఆ కాగితం అడిగి చూడండి.