జట్కా మిషన్ వద్దని ఇంటి కరెంటును కంచె తీగకు కలిపేవాళ్లకు

మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో పశువుల దొడ్లకు, చేలకు జట్కా మిషన్లు, అంటే కంచె తీగలో ఆగి ఆగి కరెంటు దెబ్బ కొట్టే డబ్బాలు, బిగించే పని నాది. మొన్న ఒక కాక మిషన్ డబ్బా మీద రాసింది చదివి పక్కన పెట్టేశాడు. "ఎనిమిది వేల వోల్టులా? నా బర్లు చస్తయ్ రా. ఇంట్ల కరెంటు రెండొందల ముప్పయ్యే కద, అదే తీగకు కలుపుకుంట." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు గుండె గుభేలుమంటుంది.

కాకా, ఒంట్లోంచి ఎంత కరెంటు పోయింది, ఎంతసేపు పోయింది అన్నది చూడాలి. మిషన్ సెకనుకు ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. నొప్పి గట్టిగానే ఉంటుంది, కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య తీగ ఖాళీ. ఆ సందులోనే బర్రె ముక్కు వెనక్కు తీసుకుంటుంది. ఇంటి కరెంటులో ఆ సందు లేదు. సెకనుకు 50 సార్లు ఊగుతూ ఆగకుండా పారుతుంది. పిడికిలి బిగుసుకుపోతుంది, విడిపించుకోలేం, గుండె లయ తప్పుతుంది.

"మధ్యలో వంద వాట్ల బల్బు పెట్టిన, ఏం కాదు" అనేవాళ్లున్నారు. తడి ఒంటికి అది అడ్డమే కాదు. బల్బు వెలగకముందే మనిషిలోంచి 200 మిల్లీఆంపియర్ల దాకా పోతుంది. అందులో సగం చాలు ప్రాణం పోవడానికి. నాతో బడికి వచ్చినవాడు అడవి పందులకని తీగ కట్టి, తెల్లవారుజామున స్విచ్ తీయడం మరిచి చేలోకి పోయాడు. వాన పడి ఉంది. వాళ్లమ్మ ఇప్పటికీ ఆ గట్టు మీదుగా నడవదు. పక్కవాడు చస్తే జైలు, పులి చచ్చినా 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే.

ఇక "మిషన్ దండగ, బర్లు లెక్కచెయ్యట్లే" అనేవాళ్లకు: ముందు ఎర్తు, అంటే మిషన్ నుంచి నేలలోకి దింపే కడ్డీ, చూడండి. మన నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి కడ్డీని వదిలేస్తుంది. ఆరడుగుల కడ్డీలు మూడు, పదేసి అడుగుల దూరంలో దింపి, నీళ్లు పోస్తూ ఉండండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకు దగ్గర పెట్టొద్దు. వానాకాలం కింది తీగకు గడ్డి తగిలితే దెబ్బ సగం అక్కడే పోతుంది, కోసేయండి. ముళ్ల తీగకు జట్కా కలపొద్దు, చిక్కుకున్న ప్రాణి విడిపించుకోలేదు. మేకలకు తీగలు దగ్గర దగ్గరగా కట్టాలి, బొచ్చులోంచి దెబ్బ ఆనదు.

కాకకు మిషన్ పెట్టి వచ్చాను. బర్లను మాత్రం మొదటి రెండు రోజులు పగలే, పక్కన మనిషి ఉండగా, చిన్న దొడ్డిలో ముక్కుతో తాకనివ్వమన్నాను. రాత్రిపూట కొత్త కంచెలోకి వదిలితే బెదిరి తెంపుకుపోతాయి.