పేరు డిజోన్‌ది, గింజ కెనడాది

2022 వేసవిలో ఫ్రాన్స్ సూపర్‌మార్కెట్లలో డిజోన్ మస్టర్డ్ సీసాలుండే అరలు ఖాళీ అయ్యాయి. దొరికిన చోట కూడా మనిషికి ఒక్క సీసానే ఇస్తామన్నారు. ఫ్రెంచివాళ్లకు ఆ ఆవముద్ద లేకపోవడమంటే మనకు నడి ఏడాదిలో ఆవకాయ జాడీ అడుగంటడమే. ఈ పోలికకు కారణం ఉంది. ఇవాళ ఆ సీసాలో ఎక్కువగా వాడేదీ, మన జాడీలో పడేదీ ఒకే జాతి ఆవాలు. శాస్త్రజ్ఞులు దాన్ని బ్రాసికా జున్సియా అంటారు.

డిజోన్ అనే ఊరు ఉన్నది ఫ్రాన్స్‌లోని బర్గండీలో. ద్రాక్షతోటల సీమ అది. 17వ శతాబ్దానికే అక్కడ ఆవముద్ద నూరేవాళ్లకు సంఘం, కట్టుబాట్లు ఉన్నాయి. 1856లో జాన్ నేజోన్ అనే తయారీదారు వెనిగర్ బదులు పచ్చి ద్రాక్షకాయల పుల్లటి రసం పోసి నూరాడు. ఆ రుచితోనే ఊరి పేరు మోగిపోయింది.

ఆ పులుపు ఎందుకో మన వంటింట్లోంచి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఎండు ఆవగింజను నోట్లో వేసుకుంటే వెంటనే ఘాటేమీ ఉండదు. గింజ నలిగి తడి తగిలాక, లోపల విడివిడిగా ఉన్న సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము కలుస్తాయి. అప్పుడే ముక్కులోకి కొట్టే ఘాటు పుడుతుంది. కాగిన నూనెలో ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి కానీ ఘాటుగా ఉండవు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టేటప్పుడు పొయ్యి మీద నుంచి దింపాకే కలపమని మన పెద్దవాళ్లు చెప్పింది ఇందుకే. పులుపు ఆ ఎంజైమును చంపకుండా నెమ్మదింపజేస్తుంది, పుట్టిన ఘాటును నిలబెడుతుంది. నూరేటప్పుడు వేడెక్కకుండా చూసుకోవాలని డిజోన్‌వాళ్లకూ తెలుసు.

పేచీ అంతా గింజ దగ్గర వచ్చింది. పూర్వం బర్గండీ అడవుల్లో బొగ్గులు కాల్చేవాళ్లు, బట్టీల బూడిదతో సారమెక్కిన నేలలో ఆవాలు చల్లుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రైతులు ఎక్కువ లాభమొచ్చే పంటలకు మళ్లారు. ఆ రోజుల్లోనే యంత్రాలు వచ్చాయి. పాత నల్ల ఆవాల కాయలు పండగానే పగిలి రాలిపోతాయి, యంత్రంతో కోయడం కష్టం. జున్సియాకు ఆ బాధ తక్కువ. ఈ జున్సియా అనేది నల్ల ఆవా, రాపా అనే మరో ఆవ జాతీ కలిసి పుట్టిన సంకరమని 1935లో నాగహరు యు అనే వృక్షశాస్త్రజ్ఞుడు వివరించాడు. కెనడాలోని సస్కాచెవాన్ విశాల మైదానాలు దానికి బాగా అనువుగా కుదిరాయి. మరి డిజోన్ పేరో? 1937 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం అది తయారీ పద్ధతికి పేరే తప్ప, ఊరికీ నేలకీ చెందినది కాదు. కాబట్టి గింజ ఎక్కడిదైనా సీసా మీద ఆ పేరు రాసుకోవచ్చు. చివరికి ఫ్రాన్స్ వాడే గింజల్లో దాదాపు 80 శాతం కెనడా నుంచే రావడం మొదలైంది.

2021లో ఆ మైదానాలు ఎండకు మాడిపోయాయి. కెనడా ఆవ దిగుబడి సుమారు సగానికి పడిపోయింది. ఇంట్లో పంట ఆదుకునే స్థితిలో లేదు. పురుగును అదుపు చేసే కొన్ని మందులు నిషేధంలోకి వెళ్లడంతో, 2016లో 12,000 టన్నులు పండిన బర్గండీలో 2021కి 4,000 టన్నులే మిగిలాయి.

ఇది చదువుతుంటే నాకు మన సంగతి గుర్తొచ్చి దిగులేసింది. ఆవకాయ అనే మాటలోనే ఆవ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం ఆవ సాగు చాలా తక్కువ. దేశపు పంటలో సగానికి దగ్గరగా రాజస్థాన్‌దే. ఫిబ్రవరి, మార్చిలో అక్కడ కోతలైతే, మే నెలలో ఇక్కడ మామిడికాయ కొట్టే వేళకు మన దుకాణాల్లో కొత్త ఆవాలుంటాయి. ఆ కోతల నెలల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వైపు వాన ఎలా పడిందో మనలో ఎంతమంది పట్టించుకుంటాం?

ఫ్రాన్స్‌లో గింజనూ నేలనూ మళ్లీ కలిపే పని ముందే కొంత జరిగింది. 2009లో ‘బర్గండీ మస్టర్డ్’కు యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ పేరు పెట్టాలంటే ఆవాలూ, అందులో పోసే వైట్ వైనూ బర్గండీవే కావాలి. 2022 కొరత తర్వాత కంపెనీలు గింజకు ధర బాగా పెంచాయి, చాలామంది రైతులు మళ్లీ ఆవాలు విత్తారు. పురుగు బెడద మాత్రం ఇంకా తీరలేదు.