వెయ్యి రూపాయల పింఛను: 1995 నవంబరులో పడిన ముడి

ఈపీఎస్-95 (1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుదారుల డిమాండు మళ్లీ ముందుకు వచ్చింది. వెయ్యి రూపాయలుగా ఉన్న కనీస పింఛనును నెలకు 7,500 రూపాయలకు పెంచి, దానికి కరువు భత్యం జోడించాలని వారు కోరుతున్నారు. ఇది దేశమంతటా ఉన్న డిమాండే అయినా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దీని బరువు వేరు. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం ప్రాంతాల జూట్ మిల్లుల్లో మూడు షిఫ్టులు మారి మారి పనిచేసి బయటికి వచ్చినవారు, ఆమదాలవలస చక్కెర కర్మాగారం వంటి మూతపడిన సంస్థల్లో చేసినవారు, 2020కి ముందే విరమణ పొందిన ఆర్టీసీ ఉద్యోగులు అందరూ ఈ పథకం కిందికే వస్తారు.

అయితే ప్రస్తుతం జరుగుతున్న చర్చలో రెండు వేర్వేరు వివాదాలు కలిసిపోతున్నాయి. మొదటిది, పింఛను లెక్కకు తీసుకునే వేతన పరిమితికి మించిన జీతం ఉన్నవారు తమ అసలు జీతంపై పింఛను కోరే అధిక పింఛను వివాదం. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీని గురించే. రెండోది, నెలకు వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు అందుకుంటున్నవారి కనీస పింఛను వివాదం. ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగులకు మొదటిది ముఖ్యం. మిల్లు కార్మికులకు ఆ తీర్పు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే వారిలో అత్యధికుల వేతనం ఎన్నడూ పరిమితిని దాటలేదు. తీర్పు వచ్చింది కదా, ఇక పింఛను పెరుగుతుంది అని ఎదురుచూసిన జూట్ కార్మికులు నిరాశపడటానికి కారణం ఇదే. ఈ కథనం ప్రధానంగా రెండో వివాదం గురించి.

1952 నాటి భవిష్యనిధి (పీఎఫ్) చట్టం, 1971 నాటి కుటుంబ పింఛను పథకం కథ చాలామందికి తెలిసినదే కనుక దాన్ని మళ్లీ చెప్పనవసరం లేదు. నేటి వెయ్యి రూపాయల మూలం అక్కడ లేదు. చాలామంది అనుకుంటున్నట్టు, కనీస పింఛనును వెయ్యి చేసిన 2014లోనూ లేదు. 1995 నవంబరు 16 నుంచి 1997 సెప్టెంబరు వరకు గడిచిన రెండేళ్లలో ఉంది.

1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకం అమల్లోకి వచ్చింది. అంతకుముందు కుటుంబ పింఛను కోసం కార్మికుడి వాటా నుంచి 1.16 శాతం, యజమాని వాటా నుంచి 1.16 శాతం మాత్రమే పక్కకు తీసేవారు. మిగిలినదంతా భవిష్యనిధిలో వడ్డీతో పెరిగి, విరమణ నాడు ఒకే మొత్తంగా చేతికి వచ్చేది. కొత్త పథకం యజమాని వాటాలోంచి 8.33 శాతాన్ని పింఛను నిధికి మళ్లించింది. పెద్ద మొత్తం తగ్గినా నెలనెలా పింఛను వస్తుంది కదా అన్నది ఆనాటి హామీ. కొన్ని కేంద్ర కార్మిక సంఘాలు అప్పుడే దీన్ని వ్యతిరేకించాయి. భవిష్యనిధి సొమ్ము కార్మికుడిదని, దాన్ని తీసుకుని ఇచ్చే పింఛను ధరలతోపాటు పెరగకపోతే కార్మికుడే నష్టపోతాడని వాదించాయి. విషయం న్యాయస్థానాలకు వెళ్లింది. 2003లో సుప్రీంకోర్టు పథకం చెల్లుతుందని చెప్పింది. ముప్పై ఏళ్ల తరువాత చూస్తే, చట్టబద్ధత సంగతి ఎలా ఉన్నా, ఆ సంఘాలు చెప్పిన నష్టం మాత్రం అక్షరాలా జరిగింది.

నష్టం జరిగిన తీరును అంకెల్లోనే చూడాలి. పింఛను లెక్క చాలా చిన్నది: పింఛనుకు తీసుకునే సగటు వేతనాన్ని సేవాకాలపు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తారు. ఇందులో వేతనానికి ఒక పైకప్పు, అంటే గరిష్ఠ పరిమితి ఉంది. 1995లో అది 5,000 రూపాయలు, 2001 జూన్ నుంచి 6,500, 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000. ఈ పైకప్పు ధరల సూచీతో ముడిపడి లేదు. కేంద్రం తలచుకున్నప్పుడు మాత్రమే అది కదులుతుంది. రెండోసారి మారడానికి పదమూడేళ్లు పట్టింది. ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. విరమణ నాడు ఖరారైన పింఛనుకు కరువు భత్యం లేదు. 2005లో 1,400 రూపాయలుగా ఖరారైన పింఛను 2025లోనూ 1,400 రూపాయలే.

1995కు ముందు చేసిన సేవను లెక్కించిన పద్ధతి మరీ బాధాకరం. ఆ కాలానికి పై సూత్రం వర్తించదు. దాని బదులు ఒక పట్టిక ఇచ్చారు. నెల వేతనం 2,500 రూపాయల లోపు ఉన్నవారికి పాత సేవ 11 ఏళ్లలోపు అయితే 80 రూపాయలు, 20 ఏళ్లు దాటితే 150 రూపాయలు. వేతనం 2,500 పైబడితే అవే 85, 170 అవుతాయి. విరమణ ఎంత ఆలస్యమైతే అంత పెద్ద గుణకంతో దీన్ని హెచ్చిస్తారు గాని, హెచ్చించాక కూడా తేలేది కొన్ని వందలే. డెబ్బైలలో, ఎనభైలలో మిల్లులో చేరి స్పిన్నింగులోనో వీవింగులోనో యౌవనమంతా గడిపిన మనిషికి ఆ కాలం విలువ ఇంతేనని ఆ పట్టిక తేల్చింది.

జూట్ కార్మికులకు ప్రత్యేకంగా తగిలిన దెబ్బ 1997 సెప్టెంబరులో పడింది. ఆ నెల 22 నుంచి చాలా పరిశ్రమల్లో భవిష్యనిధి చందా రేటును 12 శాతానికి పెంచారు. జూట్, బీడీ, ఇటుకలు, కొబ్బరిపీచు వంటి కొన్ని పరిశ్రమలకు మాత్రం 10 శాతంగానే ఉంచారు. పరిశ్రమ నష్టాల్లో ఉంది, యజమానిపై భారం వేయకూడదన్నది ఆలోచన. ఆ సడలింపు భారం ఎవరి మీద పడిందో చూడాలంటే నెలకు 6,000 రూపాయల వేతనం తీసుకోండి. 12 శాతం పరిశ్రమలో యజమాని 720 రూపాయలు కడతాడు. అందులో 500 పింఛను నిధికి పోగా 220 కార్మికుడి భవిష్యనిధికి చేరుతుంది. జూట్ మిల్లులో యజమాని కట్టేది 600. అందులోనూ ముందుగా 8.33 శాతం, అంటే అదే 500 పింఛను నిధికి పోతుంది. భవిష్యనిధికి మిగిలేది వంద రూపాయలు. కార్మికుడి సొంత వాటా (అక్కడ 720, ఇక్కడ 600) కలిపితే అక్కడ నెలకు 940, ఇక్కడ 700. ముప్పై ఏళ్లపాటు, వడ్డీ మీద వడ్డీతో, ఈ తేడా ఎంతవుతుందో ఊహించవచ్చు. పింఛను చిన్నదైనా చేతికొచ్చిన పెద్ద మొత్తంతో ఏదో ఒక ఆధారం కల్పించుకోవచ్చు అనే మాట జూట్ కార్మికుడి విషయంలో నిలవకపోవడానికి కారణం ఈ 10 శాతమే. ఈ సంగతి ఆందోళనల కరపత్రాల్లో కనిపించడం అరుదు. నా దృష్టిలో ఇదే అసలు విషయం.

ఆ రోజుల్లో ఇక్కడ దీనిపై చర్చ ఎందుకు జరగలేదు అన్న ప్రశ్నకు జవాబు కూడా అదే కాలంలో ఉంది. 1994 జనవరిలో నెల్లిమర్లలో జూట్ కార్మికులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మిల్లు తెరుస్తారా, బకాయిలు ఇస్తారా, బోనసు వస్తుందా అన్నవే ఆనాటి మిల్లు గేటు ముందు ప్రశ్నలు. రేపటి కూలి ఖాయం కాని మనిషిని ఇరవై ఏళ్ల తరువాతి పింఛను సూత్రం గురించి ఎందుకు పట్టించుకోలేదని అడగడం న్యాయం కాదు. 1996 మార్చిలో, యజమాని, ఉద్యోగి కలిసి కోరితే పరిమితికి మించిన అసలు జీతంపై పింఛను నిధికి చందా కట్టవచ్చన్న వెసులుబాటు వచ్చింది. నేటి అధిక పింఛను వివాదమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. మిల్లు కార్మికుడికి నాడు అయిదు వేల జీతమే లేదు కనుక, అది అతనికి సంబంధించిన విషయమే కాలేదు.

మిల్లుల మూతల (లాకౌట్ల) ప్రభావం ఇక్కడితో ఆగలేదు. పింఛను పథకంలో చందా లేని రోజులను సేవాకాలం నుంచి మినహాయిస్తారు. మిల్లు ఆరు నెలలు మూతపడితే ఆ ఆరు నెలలూ పోతాయి. పర్మనెంటు కార్మికుడు రానప్పుడు మాత్రమే పని దొరికే బదిలీ కార్మికుల పరిస్థితి ఇంకా దయనీయం. వారి ఖాతా తీసి చూస్తే నెలలో చందా పడిన రోజులకన్నా పడని రోజులే ఎక్కువ కనిపించవచ్చు. 1995 తరువాత పద్దెనిమిదేళ్లు పనిచేసి, 2013లో 6,000 సగటు వేతనంతో దిగిపోయిన కార్మికుడికి ఆ కాలానికి రావలసినది సుమారు 1,543 రూపాయలు. అందులో మూడేళ్లు లాకౌట్లలో పోతే 1,286 అవుతుంది. గోగునార కొరత వల్లో, విద్యుత్ ఛార్జీల వల్లో, యాజమాన్యాల తగాదాల వల్లో మిల్లు మూతపడితే, ఆ మూడేళ్ల జరిమానాను బతికున్నంతకాలం కార్మికుడే చెల్లిస్తున్నాడు.

మిల్లు మళ్లీ తెరుస్తారన్న ఆశ చచ్చి, 58 ఏళ్లు నిండకముందే పింఛను పెట్టుకున్నవారు ఉన్నారు. 50 నుంచి ముందస్తు పింఛను తీసుకోవచ్చు గాని, ఏడాదికి 4 శాతం చొప్పున కోత శాశ్వతంగా పడుతుంది. 2008 సెప్టెంబరు దాకా ఈ కోత 3 శాతమే. పింఛనులో మూడో వంతును వదులుకుని దానికి నూరు రెట్లు ఒకేసారి తీసుకునే కమ్యుటేషన్‌ను, మరణానంతరం వారసులకు కొంత మొత్తం తిరిగి ఇచ్చే సదుపాయాన్ని కూడా ఆ నెలలోనే తొలగించారు. 2014 సెప్టెంబరులో కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారు. అది నిజంగా కొందరికి మేలు చేసింది, ఎందుకంటే అంతకుముందు నెలకు కొన్ని వందలు మాత్రమే అందుకుంటున్నవారు ఉన్నారు. అదే సమయంలో వచ్చిన మరో సవరణ, పింఛనుకు తీసుకునే వేతనాన్ని చివరి 12 నెలల సగటు నుంచి చివరి 60 నెలల సగటుకు మార్చింది.

కేంద్ర ప్రభుత్వం చెప్పేది ఇది: పింఛను నిధి లోటులో ఉంది, యజమాని చందాకు అదనంగా వేతనంపై 1.16 శాతం తాము ఇస్తున్నాం, కనీస పింఛనుకు బడ్జెట్ నుంచి కూడా సాయం చేస్తున్నాం, అంతకు మించితే నిధి నిలవదు. లోటు లేదని ఎవరూ అనడం లేదు. కాని పైకప్పును పదమూడేళ్లు కదలనివ్వకపోతే నిధికి వచ్చే చందా కూడా పదమూడేళ్లు కదలదన్నది ఆ లెక్కలోనే ఉంది. 6,500 పరిమితి ఉన్నంతకాలం, అసలు జీతంపై కట్టినవారిని మినహాయిస్తే, ఎంత జీతగాడి నుంచైనా నిధికి మళ్లింది నెలకు 541 రూపాయలే. 2013లో భగత్ సింగ్ కోశ్యారి నాయకత్వంలోని రాజ్యసభ పిటిషన్ల కమిటీ కనీసం 3,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. వెయ్యి దగ్గరే ఆగిపోయారు. 7,500 డిమాండు ఎంత పెద్దదో కూడా ఇక్కడే గమనించాలి. 15,000 పూర్తి వేతనంపై, పింఛనుకు లెక్కించే సేవ 35 ఏళ్లు ఉన్నవారికి సూత్రం ప్రకారం వచ్చేది సరిగ్గా 7,500. అంటే కనీసాన్ని ఆ స్థాయికి తేవాలంటే సూత్రాన్నే వదిలి, బడ్జెట్ సొమ్ముతో నడపాలి. డిమాండు చేసే నాయకులు ఈ మాట తమ సభ్యులకు స్పష్టంగా చెప్పాలి.

అయినా కార్మికుల ఆవేదన ఈ రెండు జిల్లాల్లో ఇంత తీవ్రంగా ఉండటానికి మరో కారణం ఉంది. 2024 జులై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య సామాజిక పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది, ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. అది పేదలకు అవసరమైనదే, దాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు. కాని పాతికేళ్లు తన వేతనం లెక్కనే చందా పడిన కార్మికుడికి అందులో సగం కూడా రావడం లేదు. ఆ సొమ్ము ఆగకుండా ఉండాలంటే అతను ఏటా జీవన ప్రమాణ పత్రం (బతికే ఉన్నానన్న ధ్రువీకరణ) ఇవ్వాలి. దశాబ్దాలపాటు నార, దారం లాగి అరిగిన వేళ్లు బయోమెట్రిక్ యంత్రం మీద పడక, తుడిచి మళ్లీ పెట్టమన్న మాటకు వృద్ధులు పదే పదే వేలు పెట్టడం మీసేవ కేంద్రాల్లో కనిపించే దృశ్యమే. ముఖ గుర్తింపు వచ్చాక ఈ కష్టం కొంత తగ్గింది. 2025 జనవరి నుంచి ఏ బ్యాంకు శాఖలోనైనా పింఛను తీసుకునే ఏర్పాటు కూడా వచ్చింది.

ఇప్పుడు పనిలో ఉన్నవారికి, ముఖ్యంగా పైడిభీమవరం ఔషధ పరిశ్రమల్లోనో, హైదరాబాదు, చెన్నై, సూరత్‌లలోనో పనిచేస్తున్న ఇక్కడి యువకులకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. పింఛనుకు కనీసం పదేళ్ల సేవ కావాలి. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యుడి సంఖ్య) రాకముందు చాలామంది ఒక్కో చోట పని మానినప్పుడల్లా 10-సీ ఫారంతో పింఛను వాటాను కూడా తీసేసుకుని, సేవను సున్నా నుంచి మొదలుపెట్టారు. ఇప్పటికీ కొందరు అదే చేస్తున్నారు. అలా తీసుకోవడానికి బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత సేవ కొత్త సేవకు కలుస్తుంది. ఆరు నెలలు, అంతకు పైబడిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు కనుక తొమ్మిదేళ్ల ఆరు నెలల సేవ ఉన్నవారికి పింఛను హక్కు వచ్చినట్టే. అలాంటివారు ఫారం మీద సంతకం పెట్టే ముందు తమ పాస్‌బుక్కులో ప్రతి సంస్థ కింద చేరిన తేదీ, మానిన తేదీ, చందా లేని రోజులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తప్పుంటే యజమాని అందుబాటులో ఉండగానే సరిచేయించుకోవాలి. మిల్లు మూతపడ్డాక ఆ దిద్దుబాటుపై సంతకం పెట్టేవారు దొరకరు.