చేతి నుంచి చేతికి

మా అమ్మమ్మ ఎడమ జబ్బ మీద రెండు గుండ్రటి మచ్చలుండేవి. నడుమ గుంటపడి, వేలితో తడిమితే నున్నగా తగిలేవి. "టీకాల మచ్చలురా" అనేది. ఆ మచ్చల పుట్టుక వెతుక్కుంటూ పోతే 1802 జూన్ 14న బొంబాయిలో ఉన్న ఒక మూడేళ్ల పాప దగ్గర తేలాను. పేరు అన్నా డస్ట్‌హాల్. మన దేశంలో మశూచి టీకా మొదట ఫలించింది ఆమె చేతి మీదే.

ఆవు పొదుగు మీద లేచే పొక్కుల రసం మశూచి రాకుండా కాపాడుతుందని ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో చూపించాడు. ఆ రసాన్ని ఇక్కడికి చేర్చడమే పెద్ద గండమైంది. అందులో ఉన్నది బతికున్న వైరస్. ఇంగ్లండు నుంచి నెలల తరబడి ఓడలో వచ్చేసరికి వేడికి చచ్చిపోయేది. చివరికి వియన్నా నుంచి డి కారో అనే డాక్టరు పంపిన మందు కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా బొంబాయి చేరింది.

చేరాక దాన్ని ఎక్కడ దాచాలి? ఐసు పెట్టెలు లేని రోజులు. పిల్లల చేతులే దానికి సీసాలయ్యాయి. టీకా వేసిన మూడో రోజుకి ఎర్రటి పొక్కు లేస్తుంది. అయిదారు రోజులకు నీరు చేరుతుంది. ఎనిమిదో రోజుకి ముత్యంలా తెల్లబడి, నడుమ చిన్న నొక్కుతో బిగువుగా ఉంటుంది. అప్పుడు దాన్ని గుచ్చి, ఊరిన తేట రసాన్ని ఇంకో బిడ్డ జబ్బ మీద గీతలు పెట్టి అంటించాలి. ఆలస్యమైతే చీము పడుతుంది. ఎనిమిదో రోజు తల్లి బిడ్డను తీసుకురాకపోతే గొలుసు తెగినట్టే. ఎండాకాలంలో అయితే మరీ సులువుగా తెగేది.

అన్నా చేతి నుంచి అయిదుగురు పిల్లలకు, వాళ్ల నుంచి మరికొందరికి పాకుతూ ఆ ఏడాదే టీకా హైదరాబాదు, మద్రాసు, కలకత్తాలకు వెళ్లింది. చరిత్రలో డాక్టర్ల పేర్లు మిగిలాయి. నొప్పి భరించి, మందును తమ ఒంట్లో మోసిన ఆ పేద పిల్లల్లో చాలామంది పేర్లు మిగల్లేదు. నాకు అదే బాధ.

జనం టీకాకు ఎదురుతిరిగారని, అది మూఢనమ్మకమని తేల్చేయడం కూడా నాకు నచ్చదు. బెంగాల్లో అంతకుముందే టీకాదార్లు ఉండేవాళ్లు. మశూచి పొక్కుల నుంచి తీసిన పదార్థాన్నే, పూజా పథ్యాలతో, చర్మం మీద గీసి ఎక్కించేవాళ్లు. టీకా అన్న మాట వాళ్లదే. ఆ పద్ధతిలో అసలు మశూచే ఎక్కుతుంది కాబట్టి పక్కవాళ్లకు అంటుకునే ప్రమాదం ఉండేది, అందుకే 1865లో కలకత్తాలో దాన్ని నిషేధించారు. కానీ జనానికి అది తెలిసిన పని, తెలిసిన మనుషులు. దొరల టీకాకు పూజ లేదు, పథ్యం లేదు. పైగా ఎవరో పరాయి కులం బిడ్డ చేతి రసం. అది చాలాసార్లు పనిచేసేది కూడా కాదు. అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి, పోలేరమ్మకు మొక్కుకునే ఇంట్లో ఆ గీతలను ఎందుకు నమ్మాలి?

పిల్లల బదులు దూడలు వచ్చాక కథ మారింది. దూడ పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, గీతలు పెట్టి మందు అంటిస్తే కొద్దిరోజులకే బోలెడు పొక్కులు. వాటిని గీకి, నూరి, గ్లిజరిన్‌లోనో, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కొవ్వులోనో కలిపేవాళ్లు. మద్రాసులో శానిటరీ కమిషనర్‌గా పనిచేసిన డబ్ల్యూ.జి. కింగ్ ఈ లానోలిన్ పద్ధతి కోసం పాటుపడ్డాడు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదే వెలిసింది. మద్రాసు రాజధానికి, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ అంతటికీ, దూడ మందు అక్కడ తయారయ్యేది.

అమ్మమ్మ పుట్టిన కృష్ణా జిల్లా పల్లె అప్పట్లో మద్రాసు రాజధానిలోదే. ఆమె జబ్బకు అంటిన మందు గిండీ నుంచే వచ్చి ఉంటుంది. టీకాల ఆయన ఊళ్లోకి వస్తున్నాడని తెలిస్తే వాళ్లమ్మ తనను గాదె వెనక దాచేదట. ఒకరోజు తుమ్ము ఆగలేదు, దొరికిపోయింది.