బడి గొడవ పోలీస్ స్టేషన్‌కు వెళితే: అపోహలు, వాస్తవాలు

రాత్రి ఏడు దాటాక ఏ హెడ్మాస్టరు దగ్గర నుంచైనా ఫోను వచ్చిందంటే విషయం సగం నాకు ముందే తెలిసిపోతుంది. “కేసేమీ పెట్టలేదు మేడం, కాస్త భయం చెప్పమని పంపించాం, ఇంకా వదల్లేదట” అంటారు. గుంటూరులో పిల్లల కేసులు చూసే వకీలుగా ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటే. బడిలోనే తేల్చుకోవలసిన తగువు ఠాణాకు వెళుతుంది, ఠాణాకు వెళ్లవలసిన నేరం హెడ్మాస్టరు గదిలో బీరువా దాటదు. రెండింటికీ కారణం బడి పరువే.

అపోహ: ఒక పూట స్టేషన్‌లో కూర్చోబెడితే పిల్లవాడు దారికొస్తాడు

ఎనిమిదో తరగతి పిల్లవాడు. బ్యాటు ఎవరిదన్న తగువులో కంపాస్ బాక్సులోని డివైడర్‌తో తోటివాడి చెయ్యి గీశాడు. మూడు కుట్లు పడ్డాయి. నేను వెళ్లేసరికి స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఐడీ కార్డును చొక్కా జేబులోకి తోసేసి, బడి పేరున్న తాడును పిడికిట్లో దాచుకున్నాడు. పక్కనే తల్లి. మిర్చి తొడిమలు తీసే పనిలో నుంచి నేరుగా వచ్చింది. ఏడుస్తోంది గానీ చేత్తో కళ్లు తుడుచుకోవడం లేదు, ముఖం వంచి భుజానికి అద్దుకుంటోంది. చేతుల నిండా కారం. “లాయరమ్మ గారూ, రేపు బడికి రానిస్తారా?” అని ఒక్కటే అడిగింది.

డివైడర్‌ను ప్రమాదకరమైన ఆయుధమే అనుకున్నా, భారతీయ న్యాయ సంహితలో ఆ నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. పిల్లల చట్టం లెక్కలో అది చిన్న నేరం. 2015 నాటి బాల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాల ప్రకారం పిల్లలను పట్టుకోవడం ఘోర నేరాలకే, అంటే కనీస శిక్షే ఏడేళ్లున్న వాటికే. మిగతా నేరాల్లో పట్టుకోవాలంటే అది పిల్లవాడి మేలు కోసమే అయి ఉండాలి. లేకపోతే జనరల్ డైరీలో రాసుకుని, కుటుంబ పరిస్థితుల నివేదికతో, పిల్లల కేసులు విచారించే బాల న్యాయ మండలికి పంపి, ఎప్పుడు హాజరు కావాలో తల్లిదండ్రులకు చెప్పాలి. ఎఫ్ఐఆర్ కూడా అంతే. ఘోర నేరమైనా అయి ఉండాలి, పెద్దవాళ్లతో కలిసి చేసిందైనా అయి ఉండాలి. పట్టుకున్న పిల్లవాడికి లాకప్ లేదు, బేడీలు లేవు. బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మండలి ముందు హాజరుపరచాలి.

అందుకే నాకు కేసు కన్నా ఆ ‘ఊరికే కూర్చోబెట్టడం’ అంటేనే భయం. కేసు లేదు కాబట్టి కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి ఆ మూడు గంటల్లో ఏం జరిగిందని అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు. మండలి దగ్గరైతే మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ఎత్తైన వేదిక, బోను ఉండకూడదని నియమమే ఉంది. పిల్లవాడు అక్కడ మాట్లాడగలడు. స్టేషన్ బల్ల మీద వాడు నేర్చుకునేది, ఈసారి దొరక్కుండా ఎలా చేయాలన్నదే.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లవాడిని బడి నుంచి తీసేయడానికి వీల్లేదని 2009 నాటి విద్యా హక్కు చట్టం చెబుతోంది. “మేం తీసేయలేదు, వాళ్లే టీసీ అడిగారు” అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! చదువురాని మనిషి చేత ఆ అర్జీ ఎవరు రాయించారో నన్ను అడగనక్కర్లేదు.

అపోహ: మైనరైతే ఏం చేసినా చెల్లుతుంది

చెల్లదు. 16 నిండిన పిల్లవాడి మీద ఘోర నేరం ఆరోపణ వస్తే, అతని మానసిక, శారీరక సామర్థ్యాన్ని మండలి ప్రాథమికంగా అంచనా వేసి, పెద్దవాళ్ల మాదిరిగా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపవచ్చు. మిగతావారిని మూడేళ్లకు మించకుండా ప్రత్యేక గృహంలో ఉంచే అధికారం మండలికే ఉంది. ఉరిశిక్ష మాత్రం ఎవరికీ లేదు.

ఇక్కడే వయసు గొడవ మొదలవుతుంది. చట్టం ముందుగా చూసేది బడి రికార్డునే, ఆధార్ కార్డును కాదు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేసే అలవాటు వల్ల మన ఊళ్లలో జూన్‌లో పుట్టినవాళ్లకు లెక్కే లేదు. ఆ తోచిన తేదీ మీదే ఒక్కోసారి ఒక జీవితం ఆధారపడుతుంది. ప్రవేశాల రిజిస్టరు దిద్దేటప్పుడు దయచేసి ఇది గుర్తుంచుకోండి.

అపోహ: లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే ముందు మనం విచారించి, నిజమని తేలాకే పోలీసులకు చెప్పాలి

నేను మీటింగుల్లో గొంతు పెంచేది ఈ ఒక్క విషయానికే. పిల్లలపై లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. నిజమో కాదో తేల్చడం బడి పని కాదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచితే ఏడాది దాకా జైలు, జరిమానా. మంచి మనసుతో చెప్పిన సమాచారం తప్పని తేలినా చెప్పినవారికి ఇబ్బంది లేదు.

“విచారణ కమిటీ వేశాం” అంటూ పది రోజులు గడిపిన బళ్లను చూశాను. ఆ పది రోజుల్లో అమ్మాయి చేత నాలుగుసార్లు అదే కథ చెప్పిస్తారు, రెండుసార్లు రాయిస్తారు. చివరకు పెద్దమనుషులు వస్తారు. ఇందులో రాజీకి తావు లేదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై కేసును, బాలిక తండ్రి రాజీపడ్డాడన్న కారణంతో హైకోర్టు కొట్టివేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

అపోహ: పేరు రాయకపోతే చాలు, వార్త వేసుకోవచ్చు

విలేకరి మిత్రులకు కోపం వచ్చినా సరే. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ పేరుతో ఆగలేదు. చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమూ బయటపెట్టకూడదంది. నిందితుడైన పిల్లవాడికే కాదు, బాధితుడికి, సాక్షికి కూడా ఈ రక్షణ ఉంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘ఫలానా పేటలోని పురపాలక పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే, ఆటో డ్రైవరు కొడుకు’ అని రాశాక ఇక దాచిందేమిటి? ముఖం మసకబరిచి, పక్కనే తల్లిని నిలబెట్టి ఫొటో తీస్తారు. పేట మొత్తానికి ఆమె తెలుసు. వాట్సాప్ గ్రూపు కూడా ఈ సెక్షన్‌కు బయటిదేమీ కాదు. టీచర్ల గ్రూపైనా, తల్లిదండ్రుల గ్రూపైనా.

అపోహ: గంజాయి దొరికితే పిల్లవాడిని పట్టించడమే బడి బాధ్యత

అమ్మినవాడిని ముందు పట్టించండి. పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది. గేటు ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టును చూస్తూ ఫిర్యాదు చేయని బడికి, సంచులు వెతికే ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

అపోహ: ఒకసారి మండలి మెట్లు ఎక్కితే ప్రభుత్వ ఉద్యోగం రాదు

తల్లిదండ్రులను నిద్రపోనివ్వనిది ఇదే. పిల్లవాడిగా చేసిన నేరం ఏ అనర్హతకూ కారణం కాకూడదని బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. 16 నిండినవాడిని పిల్లల కోర్టు పెద్దవాడిలా విచారించి నేరం చేశాడని తేల్చిన కేసులే దీనికి మినహాయింపు. మూసేసిన కేసుల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు కూడా. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) ఉద్యోగానికి ఎంపికైన ఒక అభ్యర్థి విషయంలో 2019లో సుప్రీంకోర్టు, మైనరుగా ఉన్నప్పటి కేసును చూపి ఉద్యోగం నిరాకరించకూడదంది.

డివైడర్ పిల్లవాడి విషయం చెప్పనే లేదు కదూ. ఆ రాత్రే ఇంటికి పంపించారు. వారం తర్వాత హెడ్మాస్టరు ఫోను చేసి, టీసీలో ప్రవర్తన గడిలో ఏం రాయమంటారని అడిగారు. టీసీ ఎవరు అడిగారన్నాను. కాసేపు మాట లేదు. పిల్లవాడు ఇప్పుడు అదే బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు.