క్లీవ్‌లాండ్ ఖాళీ ఇళ్లు: ముందే పసిగట్టినా ఆపలేకపోయిన నగరం

అమెరికాలో ఇళ్ల జప్తులంటే అందరికీ 2008 ఆర్థిక సంక్షోభం గుర్తొస్తుంది. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కు ఆ జబ్బు అంతకు చాలా ముందే పట్టుకుంది. ఉక్కు, ఇతర పరిశ్రమలు కుదేలయ్యాక ఊరు ఖాళీ అవుతూ వచ్చింది. 1950లో 9 లక్షలు దాటిన జనాభా 2010కి 4 లక్షల లోపుకు పడిపోయింది. ఇళ్ల ధరలు పెద్దగా పెరగని ఇలాంటి ఊళ్లో కూడా బ్రోకర్లు ఇంటి మరమ్మతుకనో, పాత అప్పు తీర్చుకోమనో సబ్‌ప్రైమ్ రుణాలు (తీర్చే స్తోమత అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు ఎక్కువ వడ్డీకిచ్చే అప్పులు) అంటగట్టారు. మొదట్లో వాయిదా తక్కువ, రెండేళ్లు తిరిగేసరికి తడిసి మోపెడు.

ఈ రుణాలకు కళ్లెం వేయాలని నగర కౌన్సిల్ 2002లోనే ఆర్డినెన్స్ (అక్కడ నగర స్థాయి చట్టం) చేసింది. అది నగరాల పని కాదంటూ రాష్ట్ర శాసనసభ అదే ఏడాది చట్టం తెచ్చింది. 2006లో ఒహాయో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. మరుసటి ఏడాదికల్లా, చెక్, పోలిష్ వలసదారులు కట్టుకున్న స్లావిక్ విలేజ్ పేట జప్తు కేసుల్లో దేశంలోనే ముందు వరసలో నిలిచింది.

ఇల్లు ఖాళీ అయితే దొంగలు ముందు రాగి పైపులు పీకేస్తారు, తర్వాత గోడలకున్న అల్యూమినియం రేకులు. ఇంకో చిక్కుంది. కొన్నిచోట్ల బ్యాంకు కేసు వేసి, ఇంటివాళ్లు సామాను సర్దుకుని పోయాక, ఆ ఇంటికి విలువ లేదని తన పేర రాయించుకోవడం మానేసింది. కాగితాల మీద యజమాని పాతవాడే. గడ్డి కోయలేదని నోటీసు వచ్చేదీ అతనికే!

2008 జనవరిలో మేయర్ ఫ్రాంక్ జాక్సన్ హయాంలో నగరం 21 బ్యాంకులు, రుణ సంస్థల మీద పబ్లిక్ న్యూసెన్స్ (జనానికి ఇబ్బంది కలిగించడం) కింద దావా వేసింది. పేటలు పాడుపడటానికి మీరే కారణం, ఖర్చు కట్టండి అని. 2009లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది, 2010లో అప్పీలూ పోయింది.

చివరికి పనికొచ్చింది బకాయి పన్ను. క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీ (జిల్లా లాంటిది) ట్రెజరర్ జిమ్ రొకాకిస్ తదితరుల ఒత్తిడితో రాష్ట్ర శాసనసభ 2008 చివర్లో కౌంటీ ల్యాండ్ బ్యాంకుకు దారి తెరిచింది. నగరం చేతులు కట్టేసిన సభే ఇది కూడా ఇచ్చింది. మన దగ్గర ల్యాండ్ బ్యాంక్ అంటే పరిశ్రమల కోసం సర్కారు సేకరించి పెట్టుకున్న భూమి. అక్కడ అర్థం వేరు: ఎవరికీ అక్కర్లేని ఇళ్లను తీసుకుని, బాగుచేయడమో కూల్చడమో చేసే సంస్థ. మిషిగన్‌లోని జెనెసీ కౌంటీ దీనికి నమూనా. ఆలస్యంగా కట్టిన ఆస్తిపన్ను మీద పడే జరిమానా, వడ్డీల నుంచే క్లీవ్‌లాండ్ ల్యాండ్ బ్యాంకుకు ఏటా ఆదాయం. ఇళ్ల రుణాలను బ్యాంకుల నుంచి కొనే ఫ్యానీ మే లాంటి సంస్థలతో ఒప్పందాలు కుదరడంతో పాడు ఇళ్లు చవగ్గా కొని లాభానికి అమ్ముకునే స్పెక్యులేటర్ల చేతికి పోకుండా నేరుగా ఇక్కడికొచ్చాయి.

కేంద్రం కూడా 2008 చట్టంతో ఇలాంటి ఖాళీ ఇళ్ల కోసం దేశమంతటికీ 392 కోట్ల డాలర్లు కేటాయించింది. అయితే ఈ డబ్బుతో కొత్త ఇళ్లు లేచాయని ఊహించుకుంటే పొరపాటే. క్లీవ్‌లాండ్‌లో ఎక్కువగా జరిగింది కూల్చివేత. జనమే సగానికి తగ్గిన ఊళ్లో అన్ని ఇళ్లూ బాగుచేస్తే ఉండేదెవరు? స్లావిక్ విలేజ్‌లో కొన్నిటిని బాగుచేసి అమ్మే ప్రాజెక్టు 2013లో గానీ మొదలు కాలేదు. కూల్చిన చోట మిగిలిన జాగాలను పక్కింటివాళ్లకు పెరడు కింద కలుపుకోమని తక్కువ ధరకు ఇచ్చేశారు. కొన్ని తోటలయ్యాయి. హఫ్ పేటలోనైతే ఒక ఖాళీ జాగాలో ద్రాక్ష తీగలు నాటారు.